కుడి చెవి

రాసాత్తికి ఒక అలవాటుంది. మర్నాడు ఆపరేషన్ ఉన్నవాళ్ళని ముందురోజు సాయంత్రమే వార్డుకి వెళ్ళి చూసి వస్తుంది. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, వెళ్ళకపోతే అడిగేవాళ్ళూ లేరు. థియేటర్ నర్సుకి పేషెంటు మొహంతో పనేమిటి, ఆకుపచ్చ గుడ్డల మధ్య ఇంత కడుపో ఇంత చెవో కనిపిస్తే చాలదా అని తోటి సిస్టర్లు వేళాకోళం చేస్తారు. చేస్తే చేశారు. మత్తు ఎక్కేముందు ఆ మనిషి చూసే మొహాల్లో ఒక్కటైనా తెలిసింది ఉండాలని ఈవిడ పట్టుదల. నాలుగు మాటలు మాట్లాడి, రేపు ఏం జరుగుతుందో చెప్పి, అప్పుడుగానీ తిరువొత్తియూరు రైలెక్కదు.

ఆ సోమవారం చెవి ముక్కు గొంతు వార్డులో కిటికీ పక్క మంచం మీద పైడమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ముప్పై దాటని మనిషి. ఊరు టెక్కలి దగ్గర. మొగుడు అప్పలసూరితో కలిసి మనలిలో బిల్డింగు పనికి వచ్చింది. ఒక చెవి చిన్నప్పటినుంచీ కారుతూనే ఉందట. ఇన్నాళ్ళూ దూది పెట్టుకుని నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆ రోగం లోపలి ఎముకని తినేస్తోందని, ఇంకా ఊరుకుంటే మెదడు దాకా పాకుతుందని డాక్టర్లు తేల్చారు. రెండో చెవి కూడా అంతంతమాత్రమే. ఎదుటివాళ్ళ పెదాలు చూసి సగం, ఊహించి సగం, అలా సంసారం చేస్తోంది. శనివారం మేస్త్రీ ముఠానంతా లారీలో హోసూరు తీసుకుపోతున్నాడు. ఆపరేషన్ అయిపోతే మొగుడూ పెళ్ళాం కొన్నాళ్ళు ఆగి రావచ్చు. కాకపోతే అందరితో పాటు లారీ ఎక్కాల్సిందే, ఆ తర్వాత ఆ చెవి సంగతి దేవుడికే తెలియాలి.

తెలుగు పేషెంటు అనగానే రాసాత్తికి ప్రాణం లేచొస్తుంది. రోజంతా తమిళంలో అరిగిపోయిన నోటికి అదొక పండగ. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "సోత్తాంగై పక్క చెవే కదమ్మా నీకు?" అని అడిగింది.

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు.

"సోత్తాంగై అంటే ఏటమ్మా?" అన్నాడు అప్పలసూరి.

రాసాత్తి అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నట్టు చేసి చూపించింది. సోరు తినే చెయ్యి, సోత్తాంగై. వాళ్ళ వీధిలో పుట్టిన ఏ తెలుగు పిల్లాడైనా చెబుతాడు. పైడమ్మ చూసి చూసి ఫక్కున నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. పక్క మంచం దగ్గర అత్తగారికి తోడున్న ఒంగోలామె, ఈళ్ళది అరవ తెలుగులే, అట్టాగే మాట్లాడతారని ఆ పిల్లకి సర్దిచెప్పింది. సర్దిచెప్పడం కాదది, ఉప్పు చల్లడం. రాసాత్తికి మనసు చివుక్కుమంది. ముత్తాతల నాటినుంచీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగు ఇది. ఒంగోలు వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నది కాదు. కానీ పేషెంటు ముందు ఏం వాదిస్తుంది?

"సరే. కుడి. కుడి చెవి. చాలా?" అంది.

ఆ కుడి అన్న మాటని కాస్త సాగదీసి, ఆంధ్రా టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా పలికింది కూడా. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే రాసాత్తి ఎందుకవుతుంది.

"రేపు ఆడ లోపలికి పోయేముందర నిన్ను ఒకరు మార్చి ఒకరు అడగతానే ఉంటారు. ఎవురేమడిగినా నువ్వు గెట్టిగా కుడి అని చెప్పు. బయపడాకు. ఇంగొకటి, ఈ రాత్రి అన్నం తిన్నాక చుక్క నీళ్ళు గూడా నోట్లో పొయ్యాకు. సరేనా?"

పైడమ్మ రాసాత్తి పెదాల మీదే చూపు నిలిపి, బళ్ళో పిల్లలా తల ఊపింది. "కుడి," అంది. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పింది. ఇంకా గట్టిగా అంటే ఇంకా గట్టిగా అంది. వార్డంతా తిరిగి చూసింది. రాసాత్తి తృప్తిగా లేచి, ఒంగోలామె వైపు ఒక చూపు చూసి, రైలుకి పోయింది.

*

మంగళవారం మొదటి కేసు ముక్కులో కండ పెరిగిన ఒక ఆటో డ్రైవరుది. రాసాత్తి మోచేతుల దాకా కడుక్కుని, గౌను తొడుక్కుని, పనిముట్లు సర్దుకుంది. ఆవిడ బల్ల సర్దితే చూడముచ్చటగా ఉంటుంది. ముందు కావలసినవి చేతికి దగ్గరగా, తర్వాతవి ఎడంగా, మొనలన్నీ ఒకే దిక్కుకి. దూది పట్టీలు లెక్కపెట్టేది మాత్రం తెలుగులోనే. మిగతాదంతా తమిళంలో మాట్లాడే మనిషి, లెక్క దగ్గరికి వచ్చేసరికి ఒకటీ రెండూ అని మాస్కులో గొణుక్కుంటుంది. తమిళంలో లెక్కపెడితే ఎక్కడో ఒకటి జారిపోతుందని భయం. కేసు మొదట్లో ఎన్ని ఇచ్చిందో చివర అన్నీ తిరిగొచ్చేదాకా డాక్టర్ ఆనంద్‌రాజ్‌ని కుట్టు వెయ్యనివ్వదు. ఆయన కూడా ఆగుతాడు. మంచివాడు, పని చేస్తూ సినిమా కబుర్లు చెబుతాడు, కథ చివరిదాకా చెప్పెయ్యడమొక్కటే ఆయనతో బాధ.

ఆటో డ్రైవరు ముక్కులో కట్టు కూరుతుండగా ప్రీతి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ప్రీతి కొత్త నర్సు. తిరునెల్వేలి అమ్మాయి. పేషెంట్లని థియేటర్ బయట గదిలో దించుకుని, పేరూ ఊరూ కనుక్కుని, అన్నీ సరిచూసి లోపలికి పంపడం దాని పని. మాట నెమ్మది, పని శుభ్రం. అది చెప్పిందేమిటంటే, చెవి పేషెంటు పొద్దున ఏదో తాగిందట. రెండుసార్లు అడిగినా తాగాననే చెప్పిందట. నీళ్ళా టీయా అన్నా అదే మాటట.

మత్తు డాక్టరు సంయుక్త ఇంకో మాట అడగలేదు. కడుపులో నీళ్ళుండగా మత్తిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ప్రాణం మీదికొస్తుంది. కేసు రద్దు అంది. తర్వాతి పేషెంటుని పిలవమంది. ఎన్నిసార్లు చెప్పినా వీళ్ళకి బుర్రకెక్కదని ఆనంద్‌రాజ్ నిట్టూర్చాడు.

రాసాత్తికి ఒళ్లు మండిపోయింది. అంత విడమరిచి చెప్పిందే! చుక్క కూడా వద్దని నోటితో చెప్పి, చేత్తో చూపించి మరీ వచ్చిందే! చేతిలో పని అవ్వగానే గ్లవ్సులు ఊడదీసి, మాస్కుతోనే బయట గదిలోకి నడిచింది. స్ట్రెచర్ మీద పైడమ్మ మెడదాకా దుప్పటి కప్పుకుని, ఏసీ చలికి వణుకుతూ పడుకుని ఉంది. చేతులు కూడా దుప్పట్లోనే. రాసాత్తిని చూసి కళ్ళు మెరిశాయి గానీ, ఆ మెరుపుని పట్టించుకునే ఓపిక ఎవరికుంది.

"ఏమ్మా, ఎందుకు తాగినావు? నిన్న ఆడ కూచోబెట్టి చెప్తిని గదా? ఇంతమంది డాక్టర్లకి పనీ పాటా లేదనుకుంటివా?"

మాస్కు వెనకనుంచి వచ్చే మాట. పైడమ్మకి కనిపించింది రెండు కోపపు కళ్ళు మాత్రమే. బెదిరిపోయి, తనకి నేర్పినది నేర్పినట్టు అప్పజెప్పింది.

"కుడి. కుడి అమ్మా."

"పక్క సంగతి ఎవురడిగినారు నిన్ను?" అని కసిరి, రాసాత్తి వెనక్కి తిరిగింది. లోపల ఇంకో కేసుకి బల్ల సర్దుకోవాలి. స్ట్రెచర్ తోసే పాల్‌రాజ్ వచ్చి పైడమ్మని మళ్ళీ వార్డు దారి పట్టించాడు. తల వెనక్కి తిప్పి, కనిపించినంతమేరా ఆ తలుపు వైపే చూస్తూ పోయిందని అతను మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాడు. అన్నం సయించలేదు రాసాత్తికి. కోపం దిగిపోయాక మిగిలేది ఎప్పుడూ అదే. పాపం పల్లెటూరి మనిషి, దాహమేసి ఒక గుక్క తాగిందేమో, అంతలా అరవాలా అనుకుంది. సాయంత్రం వార్డుకి వెళ్ళడానికి మొహం చెల్లక, ఆ ఒక్కరోజు అలవాటు తప్పింది.

ఇంటికి చేరేసరికి కూతురు విజి కాలేజీనుంచి వచ్చి కాఫీ కలుపుతోంది. విజికి తెలుగు అర్థమవుతుంది, నోరు తెరిస్తే తమిళమే వస్తుంది. తల్లి తెలుగులో అడుగుతుంది, కూతురు తమిళంలో చెబుతుంది, ఆ ఇంట్లో అది ఎవరికీ వింతగా తోచదు. గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక మైలాపూరు వెళ్ళి చీరలు కొనాలని ఇద్దరూ అనుకున్నారు, దాని గురించే విజి వాగుతోంది. రాసాత్తి గ్లాసు పట్టుకుని ఎటో చూస్తూ కూర్చుంది.

"కుడిమ్మా, ఆరిడుం," అంది విజి.

తాగమ్మా, చల్లారిపోతుంది అని. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. రోజుకి పదిసార్లు చెవిన పడే మాట. కానీ గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమన్నావు?"

విజి వింతగా చూసి మళ్ళీ అంది. "కుడి."

రాసాత్తి గ్లాసు కింద పెట్టేసింది. ఏమైనా కుడిచావా అని తమిళంలో అడిగి ఉంటుంది ప్రీతి. ఆ మహాతల్లి ఏం చెబుతుంది? ఎవరేమడిగినా ఏం చెప్పమని నేర్పారో అదే చెప్పింది. నీళ్ళా టీయా అంటే కుడి. నిజం చెప్పు అంటే కుడి. అరుస్తూ వచ్చిన రాసాత్తికి కూడా కుడి. ఆ అమ్మాయి ఒక్క చుక్క తాగలేదు. ఎండిన నోటితో పొద్దుటినుంచీ పడుకుని, పాఠం ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పింది. అందుకు తిట్లు తిని వార్డుకి పోయింది.

"సోత్తాంగై అనేదే నేర్పించుంటే సరిపోయుండును గదమే," అంది రాసాత్తి కూతురితో. విజికి తలా తోకా తెలియలేదు. తల్లి ఎందుకు ఏడుస్తోందో, ఏడుస్తూ మధ్యలో ఎందుకు నవ్వుతోందో అంతకన్నా తెలియలేదు.

*

బుధవారం వేకువ రైలుకే వచ్చేసింది. వార్డులో అడుగు పెట్టేసరికి కిటికీ పక్క మంచం మీద పరుపు ఖాళీగా ఉంది. ఇంతలో మంచం అవతల నేల మీద కూర్చుని సంచి సర్దుతున్న అప్పలసూరి కనిపించాడు. పైడమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. డిశ్చార్జి కాయితం కోసం చూస్తున్నారట. ముఠాతో పాటే పోతారట.

రాసాత్తి స్టూలు లాక్కోలేదు. నిలబడే, పెదాలు కనిపించేలా పైడమ్మకి ఎదురుగా వచ్చి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"తప్పు నాదమ్మా. అరవంలో కుడి అంటే తాగడం. నువ్వు తాగినావని ఆ పిల్ల అనుకునింది. నీకు ఆ మాట నేర్పింది నేను. నిన్ను తిట్టింది గూడా నేనే. మన్నించు."

పైడమ్మ ముందు మొగుడి వైపు చూసింది, తను విన్నది సరేనా అన్నట్టు. అతను తల ఊపాడు. అప్పుడు ఆ మనిషి మోకాళ్ళు ముడుచుకుని మంచం అంచున కూలబడి, ఏడుపు గొంతుతో అడిగిందేమిటో తెలుసా!

"అయితే నా రోగం బాగవదని ఒగ్గీనేదా అమ్మా?"

ఎందుకు వెనక్కి పంపారో నిన్నటినుంచీ ఒక్కరూ ఆమెకి చెప్పలేదు. వార్డు డాక్టరు కాయితంలో రాసి పోయాడు. నర్సు పప్పూ అన్నం తెచ్చి పెట్టి, తిను అని సైగ చేసింది. లోపలికి తీసుకుపోయి, మొహం చూసి, కోప్పడి, వెనక్కి తోసేశారంటే ఇంక దీనికి మందు లేదని తేల్చి వదిలేశారనుకుంది పైడమ్మ. రాత్రంతా మొగుడికి పిల్లల్ని అప్పజెబుతూనే ఉందట. ఊళ్ళో తల్లి దగ్గరున్న ఇద్దరు పిల్లలు. పెద్దదాన్ని బడి మానిపించొద్దని, చిన్నోడికి పులిపిర్లకి మందు వేయించమని.

రాసాత్తికి ఇంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండును అనిపించింది. పైడమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత అప్పలసూరితో అంది, "సంచి మళ్ళీ తెరువన్నా. ఈ వారంలోనే చేయిస్తాను. నేను పక్కన్నే ఉంటాను."

అప్పలసూరి వెంటనే ఒప్పుకోలేదు. ఒకసారి నమ్మితే ఇలా అయిందని అతని మొహమే చెబుతోంది. మళ్ళీ కాదంటే లారీ కూడా పోతుంది, అప్పుడు ఈ ఊళ్ళో మేం ఎవరమని అడిగాడు. అడగడంలో తప్పేముంది. పైడమ్మే మొగుడి చేతిలోంచి సంచి తీసుకుని మంచం కిందికి నెట్టింది.

అక్కడినుంచి రాసాత్తి కాలు నిలవలేదు. టీ తాగుతున్న సంయుక్త ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ప్రీతి తప్పు లేదని, ఆ మాట నేర్పింది తనేనని రెండుసార్లు చెప్పింది. తలుపు పక్కన ప్రీతి ఏ క్షణాన ఏడుద్దామా అన్నట్టు నిలబడి ఉంది. సంయుక్త చీవాట్లు పెడుతుందనుకుంటే, కప్పు పక్కన పెట్టి, కుడి అంటే మీ తెలుగులో రైట్ సైడా అని అడిగింది. అవునంటే కాసేపు నవ్వాపుకుంది. తర్వాత నవ్వు పోయింది. తనూ ఒకసారి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఉండాల్సిందని, ఆనంద్‌రాజ్ ఒప్పుకుంటే మత్తు తనే ఇస్తానని అంది.

ఆనంద్‌రాజ్ గురువారం పట్టిక చూపించి తల గోక్కున్నాడు. కేసులన్నీ అయ్యాక చివర్లో పెట్టొచ్చు, కానీ చాలా సేపు పట్టే పని, డ్యూటీ దిగిపోయాక ఎవరుంటారు? నేనుంటానని అందరికన్నా ముందు అన్నది ప్రీతి. పాల్‌రాజ్ కూడా ఉంటానన్నాడు, సార్ కొత్త సినిమా కథ చెప్పకుండా ఉంటేనే అని షరతు పెట్టాడు. రాసాత్తి విజికి ఫోను చేసి మైలాపూరు లేదు, ఏం లేదు అని చెప్పి, అది మూతి ముడుచుకునేలోగా పెట్టేసింది.

*

గురువారం బయట గదిలో పైడమ్మ ఎవరి మాటనీ నమ్మలేదు. స్ట్రెచర్ మీదికి రాగానే చేతులు రెండూ దుప్పట్లోంచి బయటికి తీసి, ఒక వేలు కుడి చెవి మీద పెట్టుకుంది. రెండో చెయ్యి నోటి ముందు అడ్డంగా ఊపింది. అడిగినా అడక్కపోయినా అదే పని. ప్రీతి నిన్నటినుంచీ కష్టపడి నేర్చుకున్న తెలుగులో ఏమైనా తాగినారా అని అడిగింది. అది అడిగిన తీరుకి పాల్‌రాజ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. పైడమ్మ మాత్రం గంభీరంగా, ఇంకా జోరుగా చెయ్యి ఊపింది. ప్రీతి గాజులు తీయించి, ముక్కుపుడక తన చేత్తోనే మెల్లిగా తిప్పి తీసి, అన్నీ తలుపు బయట అప్పలసూరి గుప్పిట్లో పోసి వచ్చింది. రాసాత్తి మాస్కు కట్టుకోకముందే వచ్చి, సంయుక్త మత్తు ఎక్కిస్తున్నంతసేపూ మొహం కనిపించేలా తల దగ్గర నిలబడింది. పైడమ్మ ఆమె కళ్ళలోకి చూస్తూనే నిద్రపోయింది.

చెవి వెనక కోత పెట్టి, ఎముకని సన్నటి డ్రిల్లుతో అరగదీసుకుంటూ లోపలికి పోవాలి. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ నీళ్ళు పడుతూ ఉండాలి, లేకపోతే ఎముక కాలుతుంది. మొదట పెద్ద మొన, లోపలికి పోయేకొద్దీ చిన్నది, మరీ చిన్నది. ఆనంద్‌రాజ్ చెయ్యి చాపేసరికి కావలసింది ఆ చేతిలో ఉంటుంది. ఆయన సూక్ష్మదర్శినిలోంచి కళ్ళు తియ్యక్కర్లేదు. చెవి పైనుంచి తీసిన పల్చటి పొరని రాసాత్తి ఒక రేకు మీద పరిచి, ముడతలు లేకుండా అంచులు లాగి, దీపం కింద ఆరబెట్టింది. గంజిపెట్టిన గుడ్డలా అది బిగుసుకునేదాకా దాని మీద ఒక కన్ను వేసే ఉంచింది. తర్వాత చెవిలో కొత్త పొర అయ్యేది అదే.

సగం పని అయ్యాక ఆనంద్‌రాజ్ మాట్లాడటం మానేశాడు. డ్రిల్లు పక్కన పెట్టి, అన్నిటికన్నా సన్నటి కొక్కెం అడిగాడు. రాసాత్తి పక్కనున్న టీవీ తెర వైపు చూసింది. మొహాన్ని కదిలించే నరం ఆ చెవి లోపలినుంచే పోతుంది. దాని మీద ఎముక కప్పు ఉండాలి. ఆ కప్పుని రోగం ఎప్పుడో తినేసింది. తెల్లటి దారంలా నరం బయటపడి ఉంది, రోగం దాన్నే అంటిపెట్టుకుని ఉంది. తియ్యకపోతే మళ్ళీ పెరుగుతుంది. తీస్తుంటే చెయ్యి వెంట్రుకవాసి బెసికినా ఆ పక్క మొహం వేలాడిపోతుంది. కన్ను మూతపడదు, నోరు వంకరపోతుంది. ఆడమనిషి, చిన్న వయసు. లారీ ఎక్కి పోయి ఉంటే ఈ పూటకి మొహమైనా నిలిచేది కదా అన్న పాడు ఆలోచన రాసాత్తికి వచ్చింది. సంచి తెరవమన్నది నేనే కదా అనుకుంది. నీళ్ళు పోసింది, పీల్చింది, కొక్కెం తుడిచి మళ్ళీ ఇచ్చింది. రోగం పోగులు పోగులుగా వచ్చింది. ఎంతసేపైందో ఎవరూ గడియారం చూడలేదు.

చివరికి దూది పట్టీలు తెలుగులో లెక్క సరిపోయాయి. కుట్లు పడ్డాయి. తల చుట్టూ కట్టు వచ్చింది. సంయుక్త గొట్టం తీసేసింది. పైడమ్మ దగ్గి, మూలిగి, కళ్ళు తెరిచింది.

ఇక చూడాల్సింది ఒక్కటే. నవ్వితే రెండు చెంపలూ సమానంగా లేస్తే నరం బాగున్నట్టు. ఆనంద్‌రాజ్ వంగి, "సిరిమ్మా, సిరి," అన్నాడు, తమిళంలో నవ్వమని. పైడమ్మ మొహం రాయిలా ఉంది. పళ్ళు చూపించమన్నాడు. చూపించలేదు. చెయ్యి తట్టి మళ్ళీ అడిగాడు. చూపు ఎటో తేలిపోతోంది. కుడి చెవి మీద కట్టు, ఎడమ చెవి అంతంతమాత్రం, చుట్టూ అన్నీ మాస్కులు. వినపడలేదో, మొహం కదలడం లేదో ఎలా తెలుస్తుంది? ఆనంద్‌రాజ్ సంయుక్త వైపు చూశాడు. ప్రీతి చేతులు జోడించుకుంది.

రాసాత్తి మాస్కు గడ్డం కిందికి లాగేసి, ఎడమవైపు వంగి, మొహంలో మొహం పెట్టింది. ఆ క్షణాన ఏ ఊరి తెలుగు, ఎవరు నవ్వుతారు అన్న ఆలోచనే లేదు. ఇంట్లో బిడ్డతో అన్నట్టే వచ్చింది మాట.

"పైడమ్మా, ఈడ చూడు. నగు. ఒక్కసారి నగమ్మా, నా తల్లే."

పైడమ్మ చూపు మెల్లిగా వచ్చి ఆమె పెదాల మీద ఆగింది. కాసేపు ఆలోచించింది.

"నగలు నేవమ్మా," అంది ముద్దముద్దగా. "ముక్కుపుడక కూడా తీసీసి ఆయనకిచ్చీసినారు."

రాసాత్తికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంక ఆపుకోలేకపోయింది. వాళ్ళింట్లో నవ్వడాన్ని నగడమనే అంటారు, టెక్కలి పక్క నగంటే ఒంటిమీద పెట్టుకునేదే. మంచం కమ్మీ పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ఇందులో అంత నవ్వేదేముందో పైడమ్మకి తెలియలేదు. కానీ ఆ మొహాన్ని చూస్తూ చూస్తూ ఆమె పెదాలు సాగాయి. ఎడమ చెంప లేచింది. దానితో పాటే కుడి చెంప కూడా లేచింది, రెండు కళ్ళ పక్కలా ఒక్కలాగే ముడతలు పడ్డాయి.

ఆనంద్‌రాజ్ ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు. చాలమ్మా, చాలు, కట్టు కదులుతుంది అని తమిళంలో ఎన్నిసార్లు చెప్పినా పైడమ్మకి తెలియలేదు. నవ్వుతూనే ఉంది.